సైరన్‌తో కలిపిన కార్డ్

నిన్న నిజామాబాద్‌లో పాపకు సంగీతం నేర్చుకునే కీబోర్డు కొంటుంటే, దుకాణం ఆయన మూడు మెట్లు ఒకేసారి నొక్కి "ఇది కార్డ్ సార్, మూడు స్వరాల కలయిక" అన్నాడు. అప్పటినుంచీ నాకు కాలు నిలవడం లేదు.

దోస్తూ, చిన్నప్పుడు బోధన్‌లో మన చర్చి హార్మోనియం గుర్తుందా? కిటికీలోంచి చెరుకు రసం మరిగే వాసన వచ్చేది. పాట ప్రాక్టీసు మధ్యలో షుగర్ ఫ్యాక్టరీ సైరన్ మోగేది. మన బాపులందరూ ఆ కూతకే డ్యూటీకి పోయేవాళ్లు. మనం పాట ఆపేసేవాళ్లం. హార్మోనియం వాయించే రూతక్క మాత్రం ఆపేది కాదు. సైరన్ శ్రుతినే మూడో స్వరంగా పట్టుకుని, దానికి కలిసే రెండు మెట్లు నొక్కేది.

"గిదే కార్డ్. ఇంగ్లీషుల ఆ మాట 'అకార్డ్', అంటే ఒప్పందం, అనేదాంట్ల నుంచి పుట్టిందట. సైరన్ మన మాట ఇంటదా? మనమే దానితోని ఒప్పుకోవాలె" అనేది.

ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. ఇంటికొచ్చి కీబోర్డు మీద ఆ రెండు మెట్లే నొక్కి పట్టుకున్నాను.

"నాన్నా, మూడోది నొక్కవా?" అంది పాప.

"ఆగు బిడ్డా, అది బయటి నుంచి రావాలె."