వెలుగుకంటే ముందు, టెలిగ్రాంకంటే వెనక

తెలివితక్కువ పనులు చేయడానికి పెద్ద చదువు అడ్డం రాదని నాకు ఎం.ఎస్సీ. రెండో ఏడాదిలో తెలిసింది. అరవై తొమ్మిది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో డిగ్రీ చదువు ఒక ఏడాది కొట్టుకుపోయినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ ఏడాదిని ఎలాగైనా వెనక్కి లాక్కోవాలన్నంత కసితో చదివి వరంగల్‌లో భౌతికశాస్త్రంలో చేరాను. చివరి ఏడాది సెమినార్‌లో బాగా మాట్లాడినవాణ్ణి మా పెద్దసారు పరిశోధనకు తీసుకునేవారు. నేను ఎంచుకున్న విషయం, వెలుగుకంటే వేగంగా పోయే కణాలు ఉండవచ్చా అన్నది.

అప్పట్లో ఆ గొడవ జోరుగా నడుస్తోంది. వెలుగుకంటే నెమ్మదిగా పోయేదాన్ని ఎంత తోసినా వెలుగు వేగాన్ని అందుకోలేదు, దానికి అంతులేని శక్తి కావాలి. ఇందులో తగాదా లేదు. కానీ పుట్టుకతోనే ఆ గీతకు అవతల ఉన్నవాటి మాటేమిటి, అవి గీత దాటక్కర్లేదు కదా అని కొందరు శాస్త్రజ్ఞులు అడిగారు. మిగతావాళ్ళు మండిపడ్డారు. అలాంటి కణంతో కబురు పంపితే, వేగంగా పోతూ చూసే కొందరి లెక్కలో అది బయల్దేరకముందే చేరిపోతుంది. కారణం వెనకబడి ఫలితం ముందొస్తే ఇంక శాస్త్రం ఎక్కడ మిగిలినట్టు అని వాళ్ళ వాదన. పోనీ చూద్దామని ప్రయోగాలు చేసి వెతికినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకేమీ దొరకలేదు.

పెద్దసారుది కోస్తా. నేను నోరు జారి మా యాసలో "గిది" అన్నప్పుడల్లా ఆయన మీసాల చాటున నవ్వు కదిలేది, నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు నేను చెప్పిందంతా విని, అయితే నువ్వు జాబు రాయకముందే జవాబు వస్తుందన్నమాట అని వెటకారం చేశారు. క్లాసంతా నవ్వింది. ఉన్నాయా లేవా, ఒక్క మాటలో చెప్పమన్నారు. పౌరుషానికి ఏదో ఒకటి అనేద్దామనిపించింది గానీ అబద్ధానికి నోరు రాలేదు.

"ఉన్నయని చూపినోళ్ళు లేరు సార్, లేవని చూపినోళ్ళూ లేరు" అన్నాను.

ఆయన ఈసారి నవ్వలేదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పేవాడే తనకు కావాలని, పరీక్షలు కాగానే తన దగ్గర చేరమని అన్నారు.

సంతోషం తలకెక్కింది. మర్నాడు పొద్దున్నే స్నేహితుల మాట పట్టుకుని పోస్టాఫీసుకు పోయి, ఊళ్ళో ఉన్న బాపుకు, అంటే మా నాన్నకు, ఇంగ్లిషులో నాలుగు ముక్కలు టెలిగ్రాం కొట్టాను. ఆ తర్వాత హోటల్లో కూర్చుని చాయ్ సగం తాగానో లేదో, నేను చేసిన పని ఏమిటో తట్టింది.

మా ఊళ్ళో మంచి కబురుకు కార్డు వస్తుంది. తారు, అంటే టెలిగ్రాం, వచ్చిందంటే ఎవరో పోయినట్టే. దాన్ని ఎవరూ చదివి ఏడవరు, చూసి ఏడుస్తారు. ఇంగ్లిషు చదివేవాడు దొరికేలోపు సగం ఊరు వాకిట్లో పోగై ఏడుపు మొదలైపోతుంది. మా చిన్నాయన కొడుకు ఉద్యమంలో తూటా తగిలి పోయినప్పుడు మా ఇంటికి వచ్చింది టెలిగ్రామే. ఆ మరుసటి ఏడే బాపుకు గుండెనొప్పి వచ్చింది. ఈ మనిషి ఇంకొక్క చావు కబురు తట్టుకోలేడు, జాగ్రత్తగా చూసుకోమని జనగామ దవాఖానలో డాక్టరు పక్కకు పిలిచి మరీ నాతో చెప్పాడు. ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు, నాకే చెప్పాడు. ఆ నేనే ఇప్పుడు టెలిగ్రాం కొట్టాను.

చాయ్ అక్కడే వదిలేసి కాజీపేటకు ఉరికి పాసింజరు పట్టుకున్నాను. తీగ మీద టెలిగ్రాంను ఓడించడం ఎవరి తరమూ కాదు, ఈపాటికి జనగామలో దిగే ఉంటుంది. కానీ అక్కణ్ణుంచి అది బస్సులో రఘునాథపల్లికి రావాలి, ఆపైన పోస్టుమాన్ సైకిలు మీద మా ఊరికి రావాలి. నేను ఓడించాల్సింది ఆ సైకిలును. దాని టైరు పంక్చరు కావాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. శాస్త్రం చదివినవాణ్ణి, సిగ్గుపడే తీరిక కూడా లేకపోయింది. గూడ్సుకు దారి ఇవ్వడానికి ఘనపూర్‌లో మా బండి ఆగినప్పుడు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

రఘునాథపల్లిలో దిగి రెండు మైళ్ళు ఉరికాను. ఊరి మొదట్లోనే ఏడుపు వినబడింది. అది మా అవ్వ గొంతు. కన్నతల్లి గొంతు ఎంత దూరంలో ఉన్నా గుర్తుపడతాం కదా. రోడ్డు మీదే నిలబడిపోయాను. మా దిక్కు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, పోయినవాళ్ళను పిలుస్తూ, వాళ్ళ గుణాలు వరసపెట్టి చెప్పుకుంటూ ఏడుస్తారు. కాబట్టి మాటలు వింటే ఎవరు పోయారో తెలిసిపోతుంది. చెవి రిక్కించి విన్నాను.

"బుక్కులల్ల తలవెట్టి అవ్వను మరిస్తివా కొడకా" అంటోంది.

నా కోసమే ఏడుస్తోంది, ఇల్లు విడిచి ఉన్నది నేనొక్కణ్ణే మరి. అంటే పోయింది నేను, బాపు కాదు. నా చావు ఏడుపు విని పట్టరాని సంతోషంతో అక్కడే కూలబడి నేనూ ఏడ్చాను.

వాకిట్లో అడుగుపెట్టేసరికి ఒక్కొక్క గొంతే ఆగింది. అవ్వ వచ్చి ముందు నా మొహమంతా తడిమింది, ఆ తర్వాత చెంప మీద ఒక్కటిచ్చింది. బాపు అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. టెలిగ్రాం ఆయన పిడికిట్లోనే ఉంది, మడత కూడా విప్పలేదు. బడిపంతులు చదివి చెబుతానని రెండుసార్లు చెయ్యి చాపితే వద్దన్నాడట. నేను దగ్గరికి పోగానే నా మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఆ చేతి వెచ్చదనం తగిలాక గానీ ఆయన బతికే ఉన్నాడని నాకు నమ్మకం కుదరలేదు.

తర్వాత ఆ కాగితం నా చేతిలో పెట్టి "ఇగ సదువు" అన్నాడు. చదివి, పెద్దసారు నన్ను తీసుకున్నారని చెప్పాను. ఇంత సంబురానికి తారు కొట్టే మొగోణ్ణి ఎక్కడా చూడలేదని అవ్వ మళ్ళీ చెయ్యెత్తింది. ఏడ్వడానికి వచ్చిన వాళ్ళంతా నవ్వుతూ లేచి కొంగులతో మొహాలు తుడుచుకున్నారు. ఏం చెప్పి గెలిచావని బాపు అడిగాడు. వెలుగుకంటే జోరుగా ఉరికేవి ఉన్నాయా లేవా అని పెద్ద పెద్ద చదువులవాళ్ళు కొట్లాడుకుంటున్నారని, దాని గురించి మాట్లాడానని చెప్పాను.

"ఉన్నయా మరి?"

"ఇంకా తేలలే బాపు."

"తేలకుంటె ఏంగాదు కొడకా" అన్నాడు బాపు. "గీ కాయిదం ఇప్పకపోవట్టే, నీ సంగతి తేలకపోవట్టే, నువ్వచ్చేదాంక నేను బతికున్న."