ఎనభై మూడు ఈగలు

అరటిపండు మగ్గితే చుట్టూ ముసిరే చిన్న ఈగల్ని మనం చేత్తో తోలేస్తాం. జగదల్‌పూర్‌లో నేను లైబ్రరీ చూసుకున్న ఆ చిన్న కాలేజీలో హడ్మా అనే మనిషి వాటికి రెండు రోజులకోసారి వంట చేసేవాడు. మక్కపిండి, బెల్లం, ఈస్టు కలిపి జావ కాచి, గాజు గొట్టాల్లో పోసి, చల్లారి గట్టిపడ్డాక పాత గొట్టంలోని ఈగల్ని కొత్తదాంట్లోకి తట్టి దూది బిరడా పెట్టేవాడు. సొంతూరు కోంటా వైపు గొల్లపల్లి. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాడు.

ఈగలు భానుశ్రీవి. తండ్రి బచేలి గనుల్లో ఉద్యోగి. ఆ పిల్ల ముసలితనం మీద పరిశోధన చేసేది. మనిషి ముసలివాడయ్యేదాకా చూడాలంటే ఒక జీవితం కావాలి. ఈగ పుట్టి, పెరిగి, ముసలిదై పోవడానికి రెండు మూడు నెలలు చాలు. అది పెరిగే తీరులోనూ, రోగాన్ని తట్టుకునే తీరులోనూ మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయట. సగం గొట్టాలకు నిండు తిండి, సగానికి పలచటి తిండి పెట్టించేది.

“తక్కువ తిన్నవే ఎక్కువ రోజులు బతుకుతున్నాయి కాకా,” అంది ఒకరోజు.

“అట్లనా? అట్లయితే మా ఊర్ల అందరు నూరేండ్లు ఉండాలె గద బిడ్డా!”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

గొట్టాన్ని బల్లకు తడితే ఈగలన్నీ కిందపడి మళ్లీ పైకి పాకుతాయి. వయసైనవి సగంలోనే ఆగుతాయి. హడ్మా వాటినే ఎక్కువసేపు చూసేవాడు. “నా మోకాళ్ల లెక్కనే,” అనేవాడు. యాభై ఎనిమిదో రోజుకు ఎనభై మూడు మిగిలాయి. చివరిది ఏ రోజు పోయిందో రాస్తే గానీ పని పూర్తికాదు. ఆ నెలతో భానుశ్రీ గడువు అయిపోతుంది. మళ్లీ మొదలుపెట్టడానికి వీల్లేదు.

“వాటంతట అవి పోవాలి కాకా. మనవల్ల ఒక్కటి కూడా పోకూడదు,” అని చెప్పి రెండు రోజులకని ఇంటికి వెళ్లింది.

మక్కపిండి అయిపోవచ్చిందని బజార్లో కొని పెట్టి మరీ వెళ్లింది. హడ్మా ఆ సంచి విప్పి వాసన చూశాడు. కొత్త మక్కల పిండి. వాళ్ల ఊళ్లో కొత్తల పండుగ ఇంకా కాలేదు. చనిపోయిన పెద్దలకు పెట్టకుండా ఆ ఇంట్లో ఎవరూ కొత్త పంట ముట్టరు. ఈగలకు పండుగేమిటయ్యా అని తర్వాత నేనడిగాను.

“నా చేతి తిండి తినేటియి గద సార్. పెద్దోళ్లకు పెట్టకుంట వీటికెట్ల పెడ్త?”

కాలేజీ వెనక వాళ్లుండే గదిలో అతని భార్య సన్నే, పెరట్లో విత్తగా మిగిలిన పాత మక్కలు కుండలో దాచింది. గింజల మీద తెల్లటి పొడి ఉంది. విత్తనాలకు బూడిద కలపడం వాళ్లింటి పద్ధతి. హడ్మా వాటిని మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, జావ కాచి ఈగలకు పెట్టాడు.

మర్నాడు పొద్దున నేను లైబ్రరీ తలుపు తీస్తుంటే పరుగెత్తుకొచ్చాడు. “సార్, జర రాండ్రి!”

గొట్టాల్లో ఈగలు వెల్లకిలా పడి కాళ్లు వణికిస్తున్నాయి. సన్నే గుమ్మం దగ్గర నిలబడి తిడుతోంది.

“బూడిద ఏంది? అది పురుగుల పొడి. బజార్ల కొని నేనే కలిపిన. నన్నొక మాట అడగొద్దా?”

హడ్మా శుభ్రమైన గొట్టాల్లో చక్కెర నీళ్లలో తడిపిన దూది పెట్టి, కుంచెతో ఒక్కో ఈగనూ మార్చాడు. నేను పుస్తకాలు తిరగేశాను. ఈగ ఎలా పెరుగుతుందో, ఎలా ముసలిదవుతుందో ఉంది. పురుగుమందు తిన్నదాన్ని ఎలా బతికించాలో ఎక్కడా లేదు. హడ్మా గొట్టాన్ని బల్లకు తట్టాడు. ఒకే ఒక్కటి గోరంత ఎత్తు పాకింది. “పో తల్లీ, పో,” అన్నాడు. అదీ జారిపడింది.

సాయంత్రం భానుశ్రీ వచ్చింది. హడ్మా ఏదీ దాచలేదు.

“ఒక్క ఫోను చెయ్యొచ్చు కదా కాకా?”

“చేస్తే కొత్త పిండే పెట్టమంటవ్. పెట్టలేను. అందుకే చెయ్యలే.”

ఆమె నోటుబుక్కు తీసి ఏదో రాసింది.

“ఏం రాసినవ్ బిడ్డా?”

“ప్రమాదంలో పోయాయని. వీటిని ముసలితనంతో పోయినవాటిలో కలపకూడదు. ఆ లెక్కలోంచి తీసేయాలి.”

“ఇన్ని దినాలు సాకితిమి. సచ్చినా లెక్కల రావా?”

ఆమె నోటుబుక్కు మూసింది.

పది రోజులకు హడ్మా కొత్తల పండుగ చేసుకుని ఊరి నుంచి వచ్చాడు. అప్పటికే భానుశ్రీ బల్ల ఖాళీచేసి వెళ్లిపోయింది. కాలేజీలో వేరే ఈగలు లేవు. హడ్మా ఆ సంచిలోని కొత్త పిండితో జావ కాచి, గొట్టాల్లో పోసి, దూది పెట్టి, అరలో వరసగా సర్దాడు. రెండు రోజులకు జావ ఎండి అంచులు గాజును వదిలాయి. గొట్టాలు కడిగి మళ్లీ పొయ్యి వెలిగించాడు.

వద్దని చెబుదామనే వెళ్లాను. “పెద్దోళ్లకు పెట్టొచ్చిన సార్. ఇగ వీటికి పెట్టాలె,” అని గిన్నె పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.