గంగాభవాని అడిగిన ఇంటర్వ్యూ

బర్మాలోని యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, మన తెలుగువాళ్ళకి చాలామందికి రెండేసి పేర్లు. ఆ ఊరి తాకేటా పేటలో పుట్టిన గంగాభవానికి బడిలో వేసేటప్పుడు మ తండా అని బర్మా పేరు రాయించారు. ఇంట్లో భవాని, బయట మ తండా. ముత్తాత శ్రీకాకుళం తీరం నుంచి బియ్యం మిల్లుల్లో పనికి ఓడెక్కి వచ్చాడట. ఆ ఊరి పేరు కూడా ఇప్పుడు ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆమె ఒంటి రంగు మాత్రం ముత్తాతదే. ఆ రంగు చూసి బర్మావాళ్ళు అనే మాట ఒకటుంది, కలామ అని. భారతీయుల పోలికలున్న ఆడమనిషి అని దాని అర్థం, మగవాణ్ణయితే కలా అంటారు. కొందరు మామూలుగానే అంటారు. కొందరు అన్నప్పుడు మాత్రం చెంప మీద కొట్టినట్టుంటుంది.

దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, తామ్వే పేటలో ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తే పనిలో చేరింది. చేపలూ రొయ్యలూ ఐస్‌క్రీమూ చల్లటి లారీల్లో ఊరంతా చేరవేసే కంపెనీ అది. ఫోన్లో ఆమె బర్మా భాష విని ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. అదే మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడితే, హోటళ్ళవాళ్ళు ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, "మ తండా రాలేదా?" అని అడిగేవారు. మొదట్లో ఆమె నవ్వేసేది. తర్వాత తర్వాత, "నేనే మ తండాని, చెప్పండి" అనడం నేర్చుకుంది.

ఆ కంపెనీలోనే మెల్లగా పైకొచ్చింది. లారీలను ఏ దారిన పంపాలో చూసే విభాగంలోకి వెళ్ళింది. ఇంతలో దేశంలో సైన్యం అధికారం చేతిలోకి తీసుకుంది, రోజులు మారిపోయాయి. చదువుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఊరు విడిచిపోసాగారు. ఆపరేషన్స్ మేనేజరు కూడా పెళ్ళాం పిల్లలతో బ్యాంకాక్ వెళ్ళిపోయాడు. అతని కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, "ప్రస్తుతానికి నువ్వు చూసుకో" అన్నారు. ఆ ప్రస్తుతం రెండేళ్ళకు దగ్గరపడింది. డీజిలు దొరకని రోజులూ, కరెంటు లేక గోదాములో జనరేటరు ఆగకుండా మొత్తుకునే రోజులూ ఆ కుర్చీలోనే గడిపింది. కార్డు మీద మాత్రం ఆమె ఇంకా తాత్కాలిక మేనేజరే.

ఒకరోజు పొద్దున్న బస్సు కోసం నిలబడి ఫోను చూస్తుంటే కంపెనీ ప్రకటన కంటపడింది. ఆపరేషన్స్ మేనేజరు కావలెను. అనుభవం ఉన్నవారు, కస్టమర్లతో మెలగగల చక్కని రూపం ఉన్నవారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆమె రెండుసార్లు చదివింది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

ఆఫీసుకి వెళ్ళగానే కో ప్యే గదిలోకి నడిచింది. కో ప్యే యజమానురాలి మేనల్లుడు. సింగపూర్‌లో చదువుకుని వచ్చి ఉద్యోగుల నియామకాలు చూస్తున్నాడు. మంచివాడే కానీ మొహమాటస్తుడు.

"ఆ ఉద్యోగానికి నన్నెందుకు పిలవలేదు?" అని అడిగింది.

అతను కుర్చీలో సర్దుకున్నాడు. "మ తండా, మీ పని గురించి ఎవరికీ అనుమానం లేదు. కానీ అది పెద్ద పెద్ద కస్టమర్ల ముందుకి వెళ్ళాల్సిన పోస్టు కదా..."

"ఈ రెండేళ్ళూ వాళ్ళ ముందుకి ఎవరు వెళ్ళారు?"

అతను టేబుల్ మీది గ్లాసు అటూ ఇటూ జరిపాడు.

ఆ సాయంత్రం ఆమె నేరుగా భర్త ఫిలిప్ కొట్టుకి వెళ్ళింది. అతనిది తామ్వే బజారు వెనక ఫాన్లూ కుక్కర్లూ బాగుచేసే చిన్న కొట్టు. బాప్టిస్టు ఇంటి కుర్రాడు, ఈమె హిందువు. పెళ్ళినాడు రెండిళ్ళవాళ్ళూ మూతులు ముడుచుకున్నారు. ఇప్పుడు పండగలకి మాత్రం రెండు వైపులా తయారవుతారు.

"ఏటి, మొకం అలాగుంది?" అన్నాడు ఫిలిప్, చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి.

"నానుండగానే నా కుర్సీకి మనిసిని ఎతుకుతన్నారు."

జరిగింది విని అతనికి ఒళ్ళు మండింది. "మానేసెయ్ భవానీ. అంత సాకిరీ సేయించుకుని ఇదేటి? మలేసియా ఎల్లిపోదాం. మా పాస్టరుగారి తమ్ముడు మనుసుల్ని పంపిస్తన్నాడు కదా."

"అక్కడేటి, నన్ను సూసి గొడుగు పడతారా?" అంది ఆమె. "నానెల్లను. ముందు నన్ను కూకోబెట్టి అడగమంటాను. అడిగి, సరిపోవని సెప్తే సరే, ఒప్పుకుంటాను. అడక్కుండా కాదనడానికి ఈల్లెవరు?"

"గొడవైపోద్దేమో."

"అవనీ."

ఫిలిప్ పక్క కొట్టు నుంచి రెండు గ్లాసుల టీ తెప్పించి, ఆమె తాగేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

యజమానురాలి పేరు డా తిన్ తిన్ ఏ. బర్మాలో పెద్ద ఆడవాళ్ళని డా అనీ, పెద్ద మగవాళ్ళని ఊ అనీ అంటారు. గంగాభవాని ఆవిడ అపాయింట్‌మెంట్ అడిగింది. ఆవిడ ఒక్కతే ఉంటుందనుకుని వెళ్ళింది. కానీ గదిలో కో ప్యేతోపాటు డబ్బు వ్యవహారాలు చూసే ఊ క్యావ్ సాన్ కూడా ఉన్నాడు. కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి, మాట కటువు.

ఆమె నోరు విప్పకముందే కో ప్యే అందుకున్నాడు. రెండు రాత్రులు ఆలోచించుకున్నట్టున్నాడు. "అత్తా, ఆ పోస్టు మ తండాకే ఇచ్చేద్దాం. మనతో వాటా కలుపుతామంటున్న సింగపూర్ వాళ్ళు, మీ పైస్థాయిలో వేరే జాతులవాళ్ళు ఎవరున్నారని అడిగారు. మ తండా ఫోటో వెబ్‌సైట్లో పెడితే వాళ్ళకి బాగుంటుంది. మనకీ బాగుంటుంది."

ఊ క్యావ్ సాన్ చెయ్యి ఊపాడు. "మన కంపెనీలో జాతి ఎవరు చూశారు? డ్రైవర్లు కరెన్లు. బస్తాలు ఎత్తేవాళ్ళు కలాలు. నా విభాగంలో చైనావాళ్ళు ఉన్నారు. అన్ని రకాలూ ఉన్నారుగా! ఇప్పుడు జాతి చూసి పదవి ఇవ్వడం మొదలుపెడితే ఇక అర్హత ఎందుకు?"

"నేనూ అర్హతే చూడమంటున్నాను," అంది గంగాభవాని.  కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "ఊ క్యావ్ సాన్ గారూ, అన్ని రకాలవాళ్ళూ ఉన్నారన్నారు. నిజమే. కానీ ఎవరు ఎక్కడున్నారో కూడా చూడండి. బస్తాలెత్తే చోట ఉన్నవాళ్ళు చాలావరకు నాలాంటివాళ్ళే. వాళ్ళ మీద సూపర్‌వైజరుగా వాళ్ళలో ఒక్కరినైనా ఎప్పుడైనా పెట్టారా? కావాలని ఆపారని నేననను. పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చి ఉండదు. నా విషయంలోనూ అదే జరిగింది. నేను పనికిరానని ఎవరూ తేల్చలేదు. అసలు నన్ను అడగాలనే ఎవరికీ తోచలేదు."

కరెంటు పోయింది. కింద జనరేటరు వేసేదాకా నలుగురూ మసక చీకట్లోనే కూర్చున్నారు. ఆ కాసేపట్లో ఆమెకి ధైర్యం చిక్కింది.

లైటు రాగానే కో ప్యే వైపు తిరిగింది. "ఫోటో కోసమైతే నాకీ ఉద్యోగం వద్దు. ఆ సింగపూర్ వాళ్ళు రేపు మనసు మార్చుకుంటే నా ఫోటోతోపాటు నన్నూ తీసేస్తారు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ, కలామ కాబట్టి వచ్చిందని డ్రైవర్లు నవ్వుకుంటారు. కలామనని ఇవ్వొద్దు, కలామనని ఆపొద్దు."

"మరేం కావాలి నీకు?" డా తిన్ తిన్ ఏ మొదటిసారి నోరు తెరిచింది.

"ఇంటర్వ్యూ. వచ్చినవాళ్ళందరినీ అవే ప్రశ్నలు అడగండి. మన కంపెనీకి సంబంధం లేని మనిషిని ఒకర్ని కూర్చోబెట్టండి. ఎవర్ని కాదన్నా ఎందుకు కాదన్నారో వాళ్ళకి చెప్పండి. నన్ను కాదన్నా సరే, నాకూ చెప్పండి. ప్రకటనలో ఆ చక్కని రూపం అన్న మాట తీసేయండి."

ఊ క్యావ్ సాన్ ఏదో అనబోయాడు. ఆవిడ వారించింది. కిటికీ వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "మా నాన్నది చైనా పేరు. ఆ పేరు దాచుకుని ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. ఇంట్లో కూడా ఆ భాష మాట్లాడనిచ్చేవాడు కాదు. కస్టమరు ముఖం చూసి మసులుకోమని నాకు నేర్పింది ఆయనే. నాకు నీ మీద చిన్నచూపు లేదమ్మా. నాకు ఉన్నది భయం."

"ఆ భయం మీదైతే, దాని ఖర్చు నేనెందుకు పెట్టుకోవాలి డా తిన్?" అంది గంగాభవాని. 

ఆవిడకి కోపం వచ్చిందో లేదో తెలియలేదు. "సరే, ఇంటర్వ్యూ పెట్టు," అని మేనల్లుడితో చెప్పి లేచింది.

ఇంటర్వ్యూకి గంగాభవాని కాక ఇంకో ఇద్దరొచ్చారు. బయటి మనిషిగా ఓడరేవులో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడను పిలిచారు. ప్రశ్నలు అందరికీ ఒకటే. బీమా క్లెయిముల గురించి అడిగినదానికి గంగాభవానికి జవాబు రాలేదు. తెలియదు, నేర్చుకుంటాను అని చెప్పి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, పోయిందనుకుంది. పోలేదు. ముగ్గురిలో ఆమెనే ఎంచుకున్నారు. అయితే ఊ క్యావ్ సాన్ ఒక మెలిక పెట్టాడు. ఆరు నెలలు చూసి, ఆ తర్వాతే ఖాయం చేస్తామని నియామక పత్రంలో రాయించాడు.

"పాత మేనేజరుకి కూడా ఇలాగే పెట్టారా?" అని అడిగింది.

"లేదు."

"ఇక మీదట అందరికీ పెడతామంటే నాకూ పెట్టండి. నా ఒక్కదానికే అయితే ఒప్పుకోను."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. ఏదో గొణుక్కుంటూ ఆ వాక్యం తనే కొట్టేశాడు.

ఇక్కడితో అంతా సుఖాంతమని చెబితే అబద్ధమవుతుంది. సంచౌంగ్ పేటలో పెద్ద సీఫుడ్ రెస్టారెంటు నడిపే ఒకాయన, ఇకపై బర్మా మనిషినే పంపాలని కబురు పెట్టాడు. గంగాభవాని తనే వెళ్ళింది. ఆయన కూర్చోమనలేదు. "నీతో నాకేం గొడవ లేదు, మా అలవాటు అంతే" అన్నాడు. ఆమె నిలబడే తన మాటలన్నీ చెప్పి వచ్చింది. ఆయన ఆర్డర్లు మరో కంపెనీకి మళ్ళించాడు. ఊ క్యావ్ సాన్, "నేను ముందే చెప్పలేదా?" అన్నాడు. ఆ రోజు డా తిన్ తిన్ ఏ ముఖం చూస్తే గంగాభవానికి భయమేసింది. కానీ ఆవిడ, "పోతే పోయాడు. మంచి హోటళ్ళు ఇంకో రెండు వెతుకు" అని మాత్రమే అంది. వెతకడానికి చాలా నెలలు పట్టింది. ఒకటే దొరికింది.

ఆ తర్వాత అసలు పరీక్ష ఇంట్లోనే వచ్చింది. ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఒకటి ఖాళీ అయిందని తెలిసి, మేనమామ లింగరాజు అరటిపళ్ళ గెలతో వచ్చాడు. ఆమె తండ్రి పోయాక ఈ కుటుంబాన్ని ఆదుకున్నది ఆయనే.

"మనోలు ఒకలు పైకెక్కితే పదిమందిని లాగాలమ్మా. మా కుర్రోడు వాసుని నీ ఆపీసులో ఏసుకో," అన్నాడు.

"రమ్మను మామా. అందరితోపాటు ఇంటర్వ్యూకి కూకుంటాడు."

"నీ సేతిలో పనికి మల్లీ ఇంటర్వ్యూ ఏటి?"

"నానూ అలాగే వచ్చాను కదా."

"బర్మావోలు ఆలోల్నే ఏసుకుంటారు. మనమేటి తక్కువ సేస్తన్నాం?"

 నిజానికి వాసుకి ఆ ఉద్యోగం వస్తే బాగుండునని ఆమెకీ ఉంది. అందుకే అతని ఇంటర్వ్యూ రోజున తను లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఆ ఉద్యోగం ఒక కరెన్ అమ్మాయికి వచ్చింది. కంప్యూటరు పని ఇంకా నేర్చుకోవాలని వాసుకి కో ప్యే విడమరచి చెప్పాడు. అతను తలూపి వెళ్ళిపోయాడు. లింగరాజు మాత్రం ఆమె ఇంటికి రావడం మానేశాడు.

అమ్మ వెంకటరత్నమ్మ కూడా అలిగింది. "మనోడి నోటికాడి కూడు నాగేసి బయటోలకి పెట్టావు," అంది.

"నాను నాగలేదమ్మా. అడిగి సూసుకున్నారు."

"అడగడం, అడగడం! ఎప్పుడూ అదే మాట!"

గంగాభవాని వాదించలేదు. ఆ వారమే గోదాములో సూపర్‌వైజరు పనికి, బస్తాలెత్తేవాళ్ళలో ఇష్టమున్నవాళ్ళెవరైనా రావచ్చని చెప్పించింది. మొదట ఎవరూ ముందుకు రాలేదు. తమని ఆటపట్టిస్తున్నారనుకున్నారు. ఆమె స్వయంగా వెళ్ళి, ఐసు కరిగి తడిసిన నేల మీద నిలబడి తెలుగులోనూ బర్మాలోనూ చెప్పింది. చివరికి తెలుగువాడు అప్పలస్వామీ, ఒక తమిళుడూ, ఇద్దరు బర్మావాళ్ళూ వచ్చారు. అప్పలస్వామి నెగ్గాడు. అతని మాట వినడానికి ఇద్దరు డ్రైవర్లు మొండికేస్తున్నారు. వాళ్ళ సంగతి ఇంకా తేలలేదు. ప్రతి సోమవారం ఆమె ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తోంది. ఆ డ్రైవర్లలో ఒకడు ఈమధ్యే అప్పలస్వామిని కో అప్పా అని, బర్మావాళ్ళు తోటివాణ్ణి గౌరవంగా పిలిచినట్టు పిలవడం మొదలుపెట్టాడు. రెండోవాడు ఇంకా పిలవడం లేదు. గంగాభవాని వచ్చే సోమవారం అతన్ని ముందుగా మాట్లాడమంటానంటోంది.