సంతకాలు ముందు, తీర్మానం తర్వాత

హసన్‌పర్తి రోడ్డు మీది ఆ ఎనిమిది ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో సెక్రటరీ పదవి ఓట్లతో రాదు, వంతుతో వస్తుంది. నల్లా దగ్గర బిందెలా ఫ్లాటు నంబరు ప్రకారం జరుగుతూ జరుగుతూ ఈ ఏడు హుసేన్‌బీ ఇంటికి చేరింది. భర్త పోయాక జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి ఆమె. ఏడో తరగతితో ఆగిపోయినా అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. అయినా ఆ పదవంటే మొదటి నుంచీ గుండెదడే.

ప్రెసిడెంటు రాంప్రసాద్‌కు మాత్రం వంతు లేదు. ఆరేళ్లుగా ఆయనే. మనిషి కుర్చీకి అతుక్కున్నాడో, కుర్చీ మనిషికి అతుక్కుందో ఆ దేవుడికే తెలియాలి. మీటింగులు పెట్టే అలవాటు కూడా లేదాయనకు. ఖాళీ పేజీ అడుగున ముందు తన సంతకం గీకి రిజిస్టరు సెక్రటరీ చేతికిస్తాడు. సెక్రటరీ ఇంటింటికీ తిరిగి మిగతా సంతకాలు తెస్తే, పైన తీర్మానం ఆయనే తీరిగ్గా రాసుకుంటాడు. రంగులకైనా మోటారు రిపేరుకైనా ఇదే పద్ధతి. టీవీ ముందు నుంచి లేవకుండా మీటింగైపోతుంటే ఎవరికి చేదు?

ఆ మధ్యాహ్నం కూడా హుసేన్‌బీ అలాగే మెట్లెక్కి దిగింది. "ఎప్పటిదే, జర సంతకం పెట్టుండ్రి" అంది. అందరూ తలుపు సందులోంచే పెట్టారు. పై అంతస్తు కావ్య అయితే పిండి చేత్తోనే పెట్టింది. తన సంతకంతో ఎనిమిదీ పూర్తయ్యాక హుసేన్‌బీ రాంప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"మంచిగయ్యింది చెల్లె, ఆరింటికొచ్చి తీసుకపోత" అన్నాడాయన. "వాచ్‌మన్ రూం ఖాళీ చేపిచ్చి జిరాక్స్ షాపుకు ఇస్తానం. కెమెరాలున్నయి గద, ఇగ వాచ్‌మన్ ఎందుకు? కట్టయ్య దవాఖానల ఉన్నప్పుడే తాళం ఏస్తే లొల్లి ఉండది."

హుసేన్‌బీ ఫోన్ పెట్టేసింది. కట్టయ్య పదకొండేళ్లుగా ఆ అపార్ట్‌మెంటుకు కాపలా. వారం కింద అక్కడి నీళ్ల ట్యాంకే కడుగుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ గది తప్ప అతనికీ భార్యకూ తలదాచుకునే చోటు లేదు.

ఇప్పుడా గదిని లాక్కునే కాగితం తన కుట్టుమిషను మీదే ఉంది. సంతకాలు తెచ్చిందీ తనే. ఎదిరిస్తే రాంప్రసాద్ ఊరుకుంటాడా? ఫ్లాటులో మిషను నడపడం రూలు కాదని ఇదివరకే ఒకసారి అన్నాడు. ఆ మిషను ఆగితే పొయ్యి ఆగుతుంది. నోరు మూసుకుంటే అల్లా ఊరుకుంటాడా? ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఐదింటికి కట్టయ్య భార్య బక్కమ్మ మెట్లు ఊడుస్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"అక్కా, శనారం ఇంటికి పంపిస్తమన్నరు డాక్టర్లు. మనది కింద రూమాయె, ఆయనకు మెట్లెక్కుడు బాధ లేదు" అంది సంబరంగా.

"మంచిది బక్కమ్మా" అంటూ హుసేన్‌బీ రిజిస్టరు మీద జాకెట్టు గుడ్డ కప్పింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

బక్కమ్మ వెళ్లాక హుసేన్‌బీ ఆ పేజీ చింపేద్దామనుకుంది. పేజీలకు నంబర్లున్నాయి, చింపితే దొంగ తనే అవుతుంది. గడియారం ఐదున్నర దాటింది. పేజీ పై సగం ఇంకా ఖాళీగానే ఉంది. అసలు రాయాల్సింది సెక్రటరీ కదా అని అప్పుడు తట్టింది. అబద్ధం మాత్రం రాయకూడదు. నిజం రాయాలంటే ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం రాసి, మిగిలిన ఖాళీకి అడ్డంగా గీత కొట్టింది.

ఆరింటికి రాంప్రసాద్ వచ్చి, నిలబడే పేజీ తెరిచాడు.

"ఈ రోజు సమావేశం జరగలేదు." కింద ఎనిమిది సంతకాలు.

"ఏంది చెల్లె ఇది?"

హుసేన్‌బీ మిషను దగ్గర్నుంచి లేచింది. "ఉన్నదే రాసిన అన్నా. ఐతారం అందరం కిందికి దిగి కట్టయ్య రూం ముంగట కూసుందాం. రూం ఖాళీ చేయమని ఆయన ముంగట్నే అడుగుదాం."

రాంప్రసాద్ మళ్లీ పేజీలోకి చూశాడు. అన్నిటికంటే ముందున్న సంతకం ఆయనదే.