అక్క కంప్యూటర్‌లో దుబాయ్ టైము

ఆర్మూర్‌లో అక్క జిరాక్స్ షాపు కంప్యూటర్‌కి విండోస్ తీసేసి లినక్స్ వేసింది నేనే. ప్రతి ప్రోగ్రామునీ దాని సోర్స్ కోడ్ నుంచి మనమే కంపైల్ చేసి తయారు చేసుకునే రకం, నా పిచ్చి. బావ దుబాయ్ వెళ్ళినప్పుడు గడియారం ప్రోగ్రాముకి చిన్న ప్యాచ్, అంటే దాని కోడ్‌కి అతికించే అదనపు ముక్క, రాశాను, మన టైము పక్కనే అక్కడి టైము కనిపించేలా. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని మళ్ళీ అతికించాలి.

పోయినేడు బావ అక్కడే గుండెపోటుతో చనిపోయాడు.

ఈ సాయంత్రం అప్‌డేట్ చేస్తుంటే ప్యాచ్ అతకలేదు. కొత్త కోడ్‌కి తగ్గట్టు మళ్ళీ రాయాలి.

"అక్కా, గా దుబాయ్ టైము ఇగ తీసేద్దామా?" అని అడిగాను.

అక్క గడియారం వైపు చూసింది. "ఉండనియ్యిరా. మీ బావ డ్యూటీ దిగే టైమయింది."

ప్యాచ్ మళ్ళీ రాసి వచ్చాను. ఆ దుబాయ్ టైము ఇంకెవరికీ అక్కర్లేదని చెప్పే ధైర్యం మీలో ఎవరికైనా ఉంటే, షాపుకొచ్చి అక్కకే చెప్పండి.