వేగాన్ని నమ్మని పెట్టె

నిన్న చెన్నైలో షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర మా క్యాబ్ ఒక యుగం పాటు కదలక నిలబడితే, డ్రైవర్ ఫోన్ మ్యాప్‌లోని బాణం మాత్రం మమ్మల్ని బంగాళాఖాతంలో ఈదిస్తోంది. అది చూడగానే మా చిన్నమామ గుర్తొచ్చాడు.

మనందరికీ తలనిండా జుట్టున్న రోజుల మాట. ఈ రోడ్డు మీదే ఒక చిన్న కంపెనీలో ఆయన ముఖ్య ఇంజనీరు. నన్ను తెచ్చి అక్కడ కూర్చోబెట్టిందీ ఆయనే. మేము చేసేది టిఫిన్ డబ్బా అంత పెట్టె. దాన్ని ఉపగ్రహంలో అమరిస్తే, అంతకంటే ఎంతో ఎత్తున తిరిగే దారిచూపే ఉపగ్రహాల సంకేతాలు విని, తానెక్కడుందో తానే లెక్కగట్టి నేలకు చెప్పాలి. ముందు దాన్ని ఆఫీసు క్యాబ్ నెత్తిన కట్టి ఊరికి ఆ చివర హార్బరు పక్కనున్న తొండియార్‌పేట దాకా ఊరేగించేవాళ్లం. దారిలో క్యాబ్ చెన్నైలోని గేదెలన్నిటికీ మర్యాదగా దారి ఇచ్చేది. హార్బరు క్రేన్ల మధ్య మాత్రం పెట్టె తికమకపడి, తన లెక్కలో రెప్పపాటులో సముద్రంలోకి గెంతేది. అంత వేగం కనిపిస్తే తప్పుడు లెక్కగా భావించి పారెయ్యమని నేను ప్రోగ్రాంలో ఒక వరుస రాసి, ఎవరికీ చెప్పకుండా, భూగోళాన్ని కాపాడినంత గర్వంతో డజను ఇడ్లీలు తిన్నాను.

ఉపగ్రహం తాలూకు పెద్దలు వచ్చిన రోజున, కక్ష్యలోని ప్రయాణాన్ని అచ్చంగా నటించే యంత్రానికి మా పెట్టెను తగిలించారు. వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు. ఇందులో తప్పితే మామ ఏళ్ల తరబడి పడ్డ కష్టానికి ఉపగ్రహంలో చోటుండదు. పెట్టె ఎంతసేపటికీ నోరు విప్పలేదు. మామ ప్రోగ్రాం తిరగేసి, నా వరుస దగ్గర ఆగి, నా చెవిలో, "ఏందిరా అల్లుడా, ఇది ఆకాశానికి పోతాదా, సెంట్రల్ స్టేషన్‌కి పోతాదా?" అన్నాడు. నేను కిందపడి కాళ్లు పట్టుకుందామా అనుకునేలోపే పెద్దల వైపు తిరిగి, "తప్పు నాది సార్. కారు కోసం నేను పెట్టిన హద్దు, తీసేది మరిచిపోతిని. ఒక గంట ఇయ్యండి, చాలు," అన్నాడు. ఆ వరుస తీసేశాక పెట్టె గడగడా మాట్లాడింది, ఉపగ్రహంలో చోటూ దక్కింది. కానీ మరిచిపోయే మనిషికి వద్దని, తరువాతి పనిని మామకు కాకుండా ఇంకొకరికి ఇచ్చారు. నిజం చెప్పాల్సిన నా నోరు ఆ పెట్టె కన్నా గట్టిగా బిగుసుకుంది.

ఇప్పటి ఆఫీసుల్లో అలాంటి వరుసను కాఫీ చల్లారేలోపే యంత్రం పట్టేసి, ఎవరు రాశారో పేరుతో సహా తెర మీద పెడుతుంది. మంచి పద్ధతే, కాదనను. కాకపోతే పిల్లవాడి తప్పును తనదని చెప్పి నెత్తిన వేసుకునే వీలు ఇప్పుడు ఏ మామకూ లేదు.