పెద్దమ్మ అనల్ల

నిన్న నంద్యాలలో ఒక ఆసుపత్రి గోడ మీద వెలిసిపోయిన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణానికి సున్నం కొడుతున్నారు. ఆ తడి వాసనకు మా నాయన సర్పంచి పదవికి నిలబడిన ఏడు గుర్తొచ్చింది. ఆ ఏడే మా ఇంటికీ వెల్ల వేయించాడు.

ముగ్గురు పిల్లలున్నవాళ్లు పోటీ చేయకూడదని అప్పట్లో చట్టం. మేము ముగ్గురం. అందుకని అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న మా చెల్లెలు పద్మను నంద్యాలలో పిన్నమ్మ దగ్గర ఉంచారు.

"ఎవురడిగినా మీరిద్దరే అని చెప్పు. లేకుంటే సర్కారోళ్లొస్తారు," అన్నాడు నాయన. సర్కారు పద్మను ఎత్తుకుపోతుందని నేను అనుకున్నాను.

ఎవరో ఫిర్యాదు చేస్తే, ఆళ్లగడ్డ నుంచి ఒక ఆఫీసరు మా ఊరికి విచారణకు వచ్చాడు. అదే రోజు పిన్నమ్మ పద్మను అమ్మకు చూపించడానికి తెచ్చింది. పద్మ "అమ్మా" అంటూ పోయి మా అమ్మ కాళ్లను చుట్టేసుకుంది. నేను దాని చేతులు విడిపించాను.

"పెద్దమ్మ అనల్ల. మీయమ్మ ఆడుండాది సూడు," అని పిన్నమ్మను చూపించాను.

ఆఫీసరు వెళ్లాక నాయన నా వీపు తట్టి, "మావోడు శానా ఉషారప్పా," అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

నాయన గెలిచాడు. పద్మ అక్కడే పెరిగింది. అది "అమ్మా" అని నోరుజారినప్పుడల్లా నేనే దిద్దాను, చట్టమేమిటో తెలిసే వయసొచ్చాక కూడా. ఇంట్లో వాటాకు ఒకరు తగ్గినందుకు నాకు హాయిగానే ఉండేది.

ఇప్పుడు ఆ చట్టం లేదు. పోయిన నెల అమ్మ మంచాన పడితే పద్మ వచ్చి అన్నం కలిపింది.

"ఒక ముద్ద తిను పెద్దమ్మా," అంది.

అమ్మ నోరు తెరిచింది. ఈసారి "అమ్మ అనల్ల" అని నేను దిద్దలేదు.